ఖాళీ కుర్చీ గెలిచిన మ్యాచ్

మా ఫుట్‌బాల్ క్లబ్బులో అందరికన్నా గట్టి ఉద్యోగం నాది. నేను టీము బస్సు నడుపుతాను. నవ్వకండి. నేను చేరిన తర్వాత ఎంతమంది హెడ్ కోచ్‌లు వచ్చారో, ఎంతమంది పెట్టె సర్దుకున్నారో నాకే సరిగ్గా గుర్తులేదు. స్టీరింగు ముందు మాత్రం నేనే ఉన్నాను. టీము వరసపెట్టి ఓడిపోతుంటే డ్రైవర్ని మారుద్దామని ఇంతవరకు ఏ పెద్దమనిషికీ తోచలేదు. తోచకూడదనే నేను ఎవరి విషయంలోనూ నోరు విప్పను. కానీ మా బావ సంగతి వేరు. అది లోపలే పెట్టుకుని తిరగడం ఇక నా వల్ల కావడం లేదు.

బావంటే మా అక్క మొగుడు. అసిస్టెంట్ కోచ్‌గా పనిచేసేవాడు. ఆటగాళ్ళందరూ చిన్న మాస్టారని పిలిచేవాళ్ళు. చిన్న మాస్టారున్నాడంటే పెద్ద మాస్టారూ ఉండాలి కదా. ఆయనే హెడ్ కోచ్. ఆయన ఆడే రోజుల్లో బావ ఆయన పక్కన ఆడాడు. ఆయన కోచ్ అయ్యాక బావ ఆయన పక్కన కూర్చున్నాడు. ఆయన ఏ క్లబ్బుకి పోతే బావ ఆ క్లబ్బుకి. ఆయన్ని తీసేస్తే బావ కూడా అదే రోజు తాళంచెవులు అప్పజెప్పి వచ్చేసేవాడు. ఈ పనిలో పద్ధతే అది. ఎవరి వెంట వచ్చావో వాళ్ళ వెంటే పోవాలి. రూలు పుస్తకంలో ఎక్కడా ఉండదు, అయినా బంతి తన్నే ప్రతివాడికీ తెలుసు.

ఊరు మారిన ప్రతిసారీ మా అక్క గిన్నెలు పాత దుప్పట్లలో చుట్టుకుంటూ అడిగేది, "ఇంతకీ నువ్వు కట్టుకుంది నన్నా, ఆయన్నా?" అని. బావ నవ్వి, "నిన్నే. ఆయన ఒప్పుకోలేదు మరి" అనేవాడు. చివరికి ఈ ఊళ్ళో అక్కకి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం దొరికింది. దొరికిన రోజే, "ఇక ఈ గిన్నెలు కదలవు. మీ మాస్టారికి చెప్పు" అని తేల్చేసింది. నాకు బస్సు ఉద్యోగం ఇప్పించింది కూడా బావే, నేనుండేదీ వాళ్ళింట్లోనే.

అసిస్టెంట్ అంటే ఏం చేస్తాడని చాలామంది అడుగుతారు. మైదానంలో గుర్తుకి ప్లాస్టిక్ కోన్లు పెడతాడు, బంతులు ఏరతాడు అనుకుంటారు. అవీ చేస్తాడు. కానీ అసలు పని హాఫ్‌టైంలో ఉంటుంది. మంచినీళ్ళ పెట్టెలు మోసుకుని డ్రెస్సింగ్ రూములోకి వెళ్ళేవాణ్ణి కాబట్టి కళ్ళారా చూశాను. పెద్ద మాస్టారు వస్తాడు, అందరినీ ఉతికి ఆరేస్తాడు, తలుపు ధడేలున వేసి పోతాడు. గదిలో ఎవడూ తలెత్తడు. అప్పుడు బావ మొదలుపెడతాడు. ఎవడు ఎక్కువ బెదిరిపోయాడో వాడి పక్కన ముందు చతికిలబడతాడు. "ఆయన అంటున్నదేంటంటే, నువ్వు కాస్త లోపలికి జరిగి ఆడు. అంతే. మిగతాదంతా వదిలెయ్." అలా ఒక్కొక్కడి దగ్గరికీ వెళ్ళి, ఆ తిట్లలోంచి కోపం తీసేసి పనికొచ్చే ముక్క మాత్రం వాడి చేతిలో పెట్టేవాడు. బూట్ల లేసులు కట్టుకుంటున్నట్టే ఉండి అందరూ చెవులు రిక్కించి వినేవాళ్ళు. పెద్ద మాస్టారు గొప్ప కోచ్ అని పేపర్లు రాశాయంటే అందులో సగం ఈ గొణుగుడు పుణ్యమే. ఆ మాట అంటే బావ నా మీద విరుచుకుపడేవాడు. "నోర్ముయ్. ఆయన చెప్పేది ఉంటేనే కదరా నేను చెప్పేది?"

పెద్ద మాస్టారు బావని పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు. "ఒరేయ్!" అంటాడు. అంతే. మైదానంలో అన్ని గొంతుల మధ్యా ఆ ఒక్క కేకకి బావ తల తిరిగేది.

ఇక దిండు సంగతి చెప్పాలి. పెద్ద మాస్టారికి ఆడే రోజుల నుంచీ నడుం నొప్పి. మా స్టేడియంలో కోచ్‌లు కూర్చునే చోట రేకుల కప్పు కింద వరసగా ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉంటాయి. మొదటిది ఆయనది, రెండోది బావది. ఆ కుర్చీలో కూర్చుంటే మాస్టారికి నడుం పట్టేస్తోందని మా అక్కే నీలం గుడ్డతో ఒక దిండు కుట్టిచ్చింది. తిట్టుకుంటూనే కుట్టింది. మ్యాచ్ మొదలయ్యే ముందు ఆ దిండు దులిపి మొదటి కుర్చీలో సర్దడం బావ పని. వేరే ఊళ్ళలో ఆటైతే దిండు నా బస్సులో ముందు సీట్లో ప్రయాణం చేసేది.

ఆ ఏడు మా టీముకి దరిద్రం పట్టుకుంది. బంతి గోల్‌పోస్టుకి తగిలి బయటికి పోయేది, అవతలివాళ్ళ బంతి అదే పోస్టుకి తగిలి లోపలికి దొర్లేది. ఆఖరి నిమిషంలో గోలు తినడం మావాళ్ళకి అలవాటైపోయింది. ఒకరోజు పొద్దున్న ప్రాక్టీసు మొదలవుతుండగా ఓనరు గారి కారు వచ్చి నేరుగా ఆఫీసు మెట్ల దగ్గర ఆగింది. సిమెంటు వ్యాపారం ఆయనది. నేను బస్సు కడుగుతున్నాను. బకెట్టులో నీళ్ళు మార్చేలోపే పని ముగిసిపోయింది. పెద్ద మాస్టారు బయటికొచ్చాడు. చేతిలో సంచి. మెడలో విజిల్ అలాగే వేలాడుతోంది, తీయడం మరిచిపోయాడు.

బావ అది చూశాడు. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. అప్పుడే పరిచిన కోన్లు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఏరడం మొదలుపెట్టాడు. పెద్ద మాస్టారు దూరం నుంచే, "ఒరేయ్, ఉంచు. పిల్లలు ఆడాలి" అన్నాడు. వచ్చి నా బస్సెక్కి ఎప్పుడూ తను కూర్చునే ముందు సీట్లో కూర్చున్నాడు. ఆయన్ని ఇంటి దగ్గర దింపి రమ్మని నాకు ఆర్డరు.

ఇంజను స్టార్టు చేశానో లేదో బావ పరిగెత్తుకుంటూ వచ్చి మెట్టు మీద నిలబడ్డాడు. ఓనరు గారు ఆఫీసులోకి పిలిచి చెప్పారట, కొత్త కోచ్ ఆదివారం తర్వాతగానీ రాడు, ఆదివారం మ్యాచ్ నువ్వు చూసిపెట్టు అని.

"మాస్టారూ, మీరు వద్దంటే ఇప్పుడే మీతో వచ్చేస్తాను" అన్నాడు బావ.

ఆయన విజిల్ మెడలోంచి తీసి జేబులో వేసుకున్నాడు. "చూడు. ఆటకి నాలుగు రోజులు కూడా లేకుండా పిల్లల్ని గాలికొదిలేస్తామా? ఈ ఒక్క మ్యాచ్ చూసి వచ్చెయ్. నాకు ఎక్కడ పని దొరికినా రెండో కుర్చీ నీదే. ఫోన్ చేస్తాను."

ఇది నా చెవులతో నేను విన్నాను. ఆ పెద్ద బస్సులో ఆయన్నొక్కణ్ణే ఎక్కించుకుని ఇంటి దాకా తీసుకెళ్ళాను. దిగేటప్పుడు, "మీ బావ మంచివాడు" అన్నాడు. ఆ మాటలో కల్మషం లేదు. ఇప్పటికీ అదే అంటాను.

ఆదివారం వచ్చింది. టీములో ఇద్దర్ని మార్చమని ఓనరు గారు సలహా ఇస్తే బావ వినలేదు. పెద్ద మాస్టారు కిందటి మ్యాచ్‌కి ఎవర్ని ఆడించాడో వాళ్ళనే, అదే వరసలో, అదే ఎత్తుగడతో దింపాడు. మ్యాచ్‌కి ముందు ఎప్పట్లాగే దిండు దులిపి మొదటి కుర్చీలో సర్దాడు. తను వెళ్ళి రెండో కుర్చీలో కూర్చున్నాడు. బెంచీ మీది కుర్రాడొకడు తెలియక మొదటి కుర్చీ లాక్కోబోతే, "లెయ్! అది మాస్టారిది" అని గద్దించాడు. బావ గద్దించగా నేను చూడటం అదే మొదలు. రిఫరీల మనిషి వచ్చి, "ఇవాళ హెడ్ కోచ్ ఎవరండీ?" అనడిగాడు.

"నేనే, ఈ ఒక్కరోజుకి."

"మరి ఇక్కడ కూర్చోవచ్చుగా?"

"నా కుర్చీ ఇదేనండీ" అన్నాడు బావ.

హాఫ్‌టైం దాకా ఎవరికీ గోలు రాలేదు. డ్రెస్సింగ్ రూములో అందరూ అలవాటు ప్రకారం తలలు దించుకుని తిట్లకోసం ఎదురుచూస్తున్నారు. బావ కూడా గోడ పక్కన నిలబడి ఎదురుచూస్తున్నాడు! తిట్టాల్సినవాడు తనే అని గుర్తురావడానికి కాసేపు పట్టింది. ముందు గోల్‌కీపరు కిసుక్కున నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు, చివరికి బావ కూడా. ఆ తర్వాత ఎప్పట్లాగే ఒక్కొక్కడి పక్కనా కూర్చున్నాడు.

రెండో సగంలో మావాళ్ళు మూడు గోల్స్ కొట్టారు. ఎందుకు కొట్టారో నన్నడక్కండి. నాకు తెలిసినంతలో, అవతలి టీముకి ఆరోజు కాళ్ళాడలేదు, ఇన్నాళ్ళూ పోస్టుకి తగిలి బయటికి పోయిన బంతి ఆరోజు లోపలికి పోయింది. అంతకు మించి ఏమీ లేదు. ఎన్నాళ్ళు ఓడినా టీమన్నాక ఏదో ఒకరోజు గెలుస్తుంది. కానీ గోలు పడ్డ ప్రతిసారీ టీవీ కెమెరా కోచ్ మొహం చూపించాలి కదా. కెమెరావాడు మొదటి కుర్చీ వైపు తిప్పేవాడు. అక్కడ మొహం లేదు, నీలం దిండుంది. మూడుసార్లూ దాన్నే చూపించాడు. మూడోసారి దగ్గరికి లాగి మరీ చూపించాడు.

మ్యాచ్ అయ్యాక విలేకరులు బావని చుట్టుముట్టారు. ఏం మార్చారని అడిగారు. "ఏమీ మార్చలేదు. ఇది పెద్ద మాస్టారి టీము. ఈ గెలుపు ఆయనదే. అందుకే ఆయన కుర్చీ ఆయనకే ఉంచాను" అన్నాడు బావ. చెబుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ మనిషి మొహంలో అంత వెలుగు నేను వాళ్ళ పెళ్ళిలో కూడా చూడలేదు.

మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో వేశారు: "ఏమీ మార్చలేదు, మాస్టార్ని తప్ప." ఇక ఫోన్లలో చెప్పక్కర్లేదు. దిండుకి విజిల్ తగిలించి ఒక బొమ్మ. దాని కింద, "కొత్త హెడ్ కోచ్. అరవదు, అలగదు, నడుం నొప్పి లేదు." ఇంకొకడు దిండుకి ఈ ఏడాది ఉత్తమ కోచ్ బహుమతి ఇవ్వాలన్నాడు. ఊళ్ళో బడ్డీకొట్టు దగ్గర, బస్టాండులో, అక్క ఆసుపత్రిలో, ఎక్కడ చూసినా దిండు. ఓనరు గారైతే ఆఫీసు మెట్ల మీద నిలబడి పగలబడి నవ్వుతూ, "ముందే తెలిస్తే దిండునే పెట్టుకునేవాళ్ళం కదయ్యా!" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో గుడ్డ ఉంది కాబట్టి బస్సు అద్దం తుడిచాను. ఉద్యోగం కదా, ఇంకేం చేస్తాం?

బావ పెద్ద మాస్టారికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. పడుకున్నారేమో అన్నాడు, బయటికి వెళ్ళారేమో అన్నాడు. రెండు రోజులు ఇదే పాట. అక్క ఇక వినలేక, "ఫోన్‌తో ఏంటి ఆ కుస్తీ? ఇంటికెళ్ళి కనబడు" అంది. నేనే స్కూటరు మీద తీసుకెళ్ళాను.

మాస్టారి భార్య తలుపు తీసి, మా మొహాలు చూడకుండానే, "లోపలున్నారు" అంది. ఆయన హాల్లో గోడవారగా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. టీవీ ఆపేసి ఉంది, రిమోటు చేతిలో ఉంది. బావ నిలబడే ఉన్నాడు.

"గెలిచావు. సంతోషం" అన్నాడాయన.

"నేను గెలవలేదు మాస్టారూ. మీ టీమే. ఒక్కణ్ణి కూడా మార్చలేదు."

"అదే నేనూ చూశాను. నా టీమే, నా ఆటే. నేను లేను. అంతే తేడా."

"మాస్టారూ..."

"ఒరేయ్, విను. నువ్వు ఓడిపోయి ఉంటే, ఈ టీముతో ఎవడొచ్చినా ఇంతే అని నాలుగు నోళ్ళు అనేవి. నువ్వు నా కుర్చీలో కూర్చుని గెలిచి ఉంటే, నా దగ్గర నేర్చుకున్నవాడు గెలిచాడని నేనే గొప్పగా చెప్పుకునేవాణ్ణి. నువ్వు దిండు పెట్టి గెలిచావు. ఇప్పుడు నేను ఏ క్లబ్బు గుమ్మంలో అడుగుపెట్టినా, వాళ్ళకి నా వెనకాల ముందు ఆ దిండే కనబడుతుంది."

"మీ మీద గౌరవంతో పెట్టాను మాస్టారూ. ఒట్టు."

"తెలుసురా. నాకు తెలుసు" అన్నాడాయన. "తెలిసి ఏం చేసుకోను?"

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేకపోయాను. "మ్యాచ్ చూడమంది మీరే కదా మాస్టారూ?" అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. "చూడమన్నాను. నలుగురికీ నన్నిలా చూపించమన్నానా?"

అసలు కోపం ఎవరి మీద పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఆయన మీదా? నన్నలా దిండుతో పోల్చి ఊరంతా నవ్వితే నేనూ అలాగే మంటెక్కిపోయేవాణ్ణి. బావ మీదా? చేసిందల్లా రోజూ చేసే పనే కదా.

గుమ్మం దగ్గర బావ వెనక్కి తిరిగి, "పని దొరికితే ఫోన్ చేస్తారు కదా?" అనడిగాడు. ఆయన రిమోటు వైపు చూస్తూ, "చేస్తాను" అన్నాడు. స్కూటరు మీద వెనక కూర్చుని బావ, "చేస్తానన్నారు, విన్నావుగా?" అన్నాడు. విన్నానన్నాను.

ఈలోగా కొత్త మాస్టారు దిగాడు. ఒకే రంగు జాకెట్లు వేసుకున్న ముగ్గుర్ని వెంటేసుకుని వచ్చాడు. ఆ ముగ్గురూ ఆయన పెద్ద అడుగు వేస్తే పెద్ద అడుగు, ఆగితే ఆగడం. బావని క్లబ్బులో ఏదో ఒక పనిలో ఉంచమని ఓనరు గారే చెప్పారట. కొత్తాయన బావని కూర్చోబెట్టి టీ ఇప్పించి మర్యాదగానే చెప్పాడట, "నా ఇబ్బంది అర్థం చేసుకోండి. నేను రెండు మ్యాచ్‌లు ఓడితే గ్యాలరీ మొత్తం మీ పేరు అరుస్తుంది. ఉన్న ఒక్క మ్యాచ్ గెలిచిన మనిషిని వెనక కూర్చోబెట్టుకుని నేనెలా పనిచేస్తాను?"

బావ ఇంటికొచ్చి ఈ ముక్క చెబుతూ, "అతననేదాంట్లో తప్పులేదు. నేనైనా అలాగే ఆలోచిస్తాను" అన్నాడు. అక్క చేతిలో గరిటె గిన్నెలోకి విసిరికొట్టింది. "ఆయనకి కోపమొస్తే ఆయనది న్యాయం, ఇతను వెళ్ళగొడితే ఇతనిది న్యాయం! నీ న్యాయం ఎవడు చెబుతాడు?" ఎవరు ఎంత గట్టిగా గెంటేసినా, అందులోంచి కోపం తీసేసి మిగిలింది చెప్పడం అతనికి అలవాటు. తన ఉద్యోగం పోయినప్పుడు కూడా అదే చేశాడు.

తర్వాత వేరే క్లబ్బుల గడపలు ఎక్కాడు. అందరూ ఆదరంగానే కూర్చోబెట్టారు. అందరూ ఒకే ప్రశ్న అడిగారు, "మీరు పెద్ద మాస్టారి మనిషి కదా, ఆయన మీ గురించి ఎందుకు చెప్పలేదు?" ఆయన చెప్పలేదంటే లోపల ఏదో ఉండే ఉంటుందని వాళ్ళ లెక్క. ఒకచోటైతే కుర్రాడొకడు, దిండు పెట్టింది మీరేనా అని అడిగి ఫోటో దిగుతానన్నాడు. బావ పక్కన నిలబడి దిగాడు కూడా!

చివరికి బజారులో ఆటసామాన్ల దుకాణంలో చేరాడు. చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని పిల్లల కాళ్ళకి బూట్లు తొడిగి, ముందు బొటనవేలు దగ్గర నొక్కి చూస్తాడు. పక్కనే బూట్ల డబ్బా మీద ఫోన్. మోత పూర్తిగా పెంచి పెట్టేవాడు. అది మోగితే చాలు, బూటు సగం తొడిగిన పిల్లాణ్ణి వదిలేసి ఎత్తేవాడు. ఇంట్లో స్నానానికి వెళ్ళినా తలుపు బయట స్టూలు మీద ఫోన్. "ఆ ఫోన్‌ని కట్టుకోవాల్సింది నువ్వు" అనేది అక్క. ఇదివరకు మాస్టారి పేరు పెట్టి దెప్పేది, ఇప్పుడు ఆ పేరు ఎత్తడం మానేసింది.

పెద్ద మాస్టారికి ఇంకో ఊళ్ళో పని దొరికిందని నేనే మోసుకొచ్చాను. ఆ సాయంత్రం బావ అటక మీంచి తన సంచి దించి దులిపాడు, విజిల్‌కి కొత్త తాడు కట్టాడు. ఫోన్ రాలేదు. "ముందు సంతకాలూ అవీ ఉంటాయి కదా" అన్నాడు. వారం గడిచింది. "టీమంతా కొత్తది, తల పట్టుకుని ఉంటారు" అన్నాడు. ఆ తర్వాత ఆ టీము మొదటి మ్యాచ్ టీవీలో వచ్చింది. పెద్ద మాస్టారు మొదటి కుర్చీలో ఉన్నాడు. రెండో కుర్చీలో గడ్డం ఉన్న ఒకతను, ఎవరో, ముందుకి వంగి కూర్చుని ఉన్నాడు. అక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావ తెర వైపే చూస్తూ, "అప్పటికప్పుడు ఎవరో ఒకర్ని పెట్టుకోవాలి కదా" అన్నాడు. ఈసారి ఆ మాట నాకు చెప్పినట్టు లేదు.

ఆఖరికి మా టీము ఆ ఊరు వెళ్ళి ఆడే రోజొచ్చింది. బావ నా దగ్గరికొచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "ఒరేయ్, బస్సులో ఒక్క చోటుంటుందా? మాస్టారి దిండు నీ దగ్గరే ఉండిపోయింది కదా. ఇచ్చేసి వస్తాను."

నిజమే, దిండు ఇన్నాళ్ళూ నా బస్సులో, నా సీటు వెనకాలే ఉంది. నాకు దాన్ని పారెయ్యడానికి చేతులు రాలేదు, ఇంటికి తేవడానికి ధైర్యం చాలలేదు. "దిండు నేనిచ్చేస్తాలే బావా, నువ్వెందుకు?" అన్నాను. "నేనే ఇవ్వాలి" అన్నాడు. అక్క వెళ్ళొద్దని కచ్చితంగా చెప్పింది. తెల్లారి లేచి చూస్తే అతని జాకెట్ ఇస్త్రీ చేసి కుర్చీకి వేలాడదీసి ఉంది. క్లబ్బు గుర్తు విప్పేసిన చోట గుడ్డ ముదురుగా కనబడుతోంది. రాత్రి బావ బస్సులోంచి తెచ్చిన దిండు గలీబు కూడా అక్కే ఉతికి ఆరేసింది.

ఆ ఊరి స్టేడియంలో బస్సులు ఆపే చోట కటకటాల గేటుంది. దాని సందుల్లోంచి మైదానం సగం కనబడుతుంది, డ్రెస్సింగ్ రూముల నడవ వినబడుతుంది. బావ దిండు చంకలో పెట్టుకుని ఆ గేటు పట్టుకుని నిలబడ్డాడు. హాఫ్‌టైంకి మావాళ్ళు ఒక గోలు ముందున్నారు. నడవలోంచి పెద్ద మాస్టారి కేకలు మా దాకా వచ్చాయి. అవే తిట్లు, అదే గొంతు. ధడేలున తలుపు పడింది.

"ఇప్పుడు వెళ్ళాలి" అన్నాడు బావ మెల్లగా. "ఆ ఎడమవైపు ఆడేవాడు బెదిరిపోయాడు. ముందు వాడి దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళు బాబూ, వెళ్ళు."

గడ్డమతనికి చెబుతున్నాడు. అతను గోడ అవతల ఉన్నాడు. నాకు దుఃఖం పొంగుకొచ్చి, టైర్లలో గాలి చూసే వంకతో బస్సు అటువైపుకి వెళ్ళిపోయాను.

గడ్డమతను ఏం చెప్పాడో ఏమో, పెద్ద మాస్టారి టీమే గెలిచింది. అంతా సద్దుమణిగాక ఆయన నడవలోంచి బయటికొచ్చాడు. పక్కన గడ్డమతను, రెండు చేతుల్లో రెండు సంచులు. బావ ఎదురెళ్ళాడు.

పెద్ద మాస్టారు ఆగాడు. మొహంలో కోపం లేదు. కోపమన్నా ఉంటే బాగుండేది.

"ఓ, మీరా! బాగున్నారా?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆయన బావని మీరు అనడం నేను వినలేదు. బావ మొహం ఒక్కసారిగా తెల్లబోయింది. అయినా దిండు రెండు చేతులతో ముందుకి చాపాడు. "బాగున్నాను మాస్టారూ. ఇది బస్సులో ఉండిపోయింది. నడుం ఎలా ఉంది?"

"అయ్యో, దీనికోసం ఇంత దూరం మీరెందుకండీ శ్రమపడటం? ఇక్కడ మంచి సీట్లు వేశారు. దిండు అక్కర్లేదు. ఇంట్లో అందరూ కులాసాయేనా?"

"కులాసాయే."

"మంచిది. వస్తానండీ" అని ఆయన రెండడుగులు వేసి, వెనక్కి చూడకుండా, "ఒరేయ్, పద, ఆలస్యమవుతోంది!" అని కేకేశాడు.

గడ్డమతను సంచులు సర్దుకుని కదిలాడు. మా బావ కూడా కదిలాడు. ఒకడుగు వేసేశాడు. అప్పుడు ఆగి, ఆ పాదం వెనక్కి తీసుకున్నాడు. ఆ అడుగు నేను తప్ప ఇంకెవరూ చూడలేదు. నేనూ చూడకుండా ఉంటే బాగుండేది.

తిరుగు ప్రయాణంలో బావ నా వెనక సీట్లో దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఊరి పొలిమేర దాటుతుండగా ఫోన్ మోగింది. పూర్తి మోత కదా, బస్సంతా ఉలిక్కిపడింది. అక్క.

"కనబడ్డారా ఆయన?"

"కనబడ్డారు."

"మాట్లాడారా?"

"మాట్లాడారు. చాలా మర్యాదగా మాట్లాడారు."

"సరే. ఇంటికి రా" అంది అక్క.

బావ ఫోన్ అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు. తర్వాత పక్కనున్న బొత్తాం నొక్కి, తెర నల్లబడేదాకా పట్టుకుని, ఆపేశాడు. ఆ ఆదివారం తర్వాత ఆ ఫోన్ ఆపగా నేను చూడటం అదే మొదలు. దాన్ని దిండు కింద పెట్టి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను ఇంటి దాకా అద్దంలో వెనక్కి చూడలేదు.